అంగన్‌వాడీకి రాష్ట్ర బడ్జెట్‌లో డబ్బు రాబట్టడం: ఊరి కేంద్రం నుంచి ఆర్థిక శాఖ దాకా

"అంగన్‌వాడీలకు నిధులు పెంచాలి" అని రాసిన వినతిపత్రాన్ని ఏ అధికారీ కాదనరు. తీసుకుంటారు, ముద్ర వేయిస్తారు, పక్కన పెడతారు. అందులో కాదనడానికీ ఏమీ లేదు, చేయడానికీ ఏమీ లేదు. అదే కాగితంలో "పోషకాహారం పద్దు కింద మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు రాష్ట్రం అదనంగా పెట్టే ఖర్చును తలకు రోజుకు 2 రూపాయలు పెంచండి, ఏడాదికి ఇన్ని కోట్లు అవుతుంది" అని ఉందనుకోండి. దానికి ఫైలు తెరవాలి. ఆ ఫైలు మీద అవుననో, కాదనో, సగం ఇస్తామనో ఎవరో ఒకరు రాయాలి.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో తల్లుల కమిటీలు, గ్రామ సమాఖ్యలు, బాలల హక్కుల సంస్థలు, అంగన్‌వాడీ సంఘాలు అలాంటి కాగితాన్ని ఎలా తయారు చేయాలో, ఏ నెలలో ఎవరి చేతిలో పెట్టాలో, ఆ తర్వాత దాన్ని ఎలా వెంబడించాలో ఇక్కడ వరసగా చెబుతున్నాం.

1. ఏ రూపాయి ఎవరిదో ముందు తేల్చుకోండి

సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం, అంటే ఐసీడీఎస్, 1975 అక్టోబరు 2న దేశంలో 33 బ్లాకుల్లో మొదలైంది. ఇప్పుడది సక్షమ్ అంగన్‌వాడీ, పోషణ్ 2.0 పేరుతో నడుస్తోంది. కేంద్రం, రాష్ట్రం కలిసి మోసే పథకం ఇది. మన రెండు రాష్ట్రాలకూ సాధారణ ఖర్చుల్లో కేంద్రం 60 పైసలు పెడితే రాష్ట్రం 40 పెడుతుంది. అనుబంధ పోషకాహారం ఖర్చు మాత్రం చెరిసగం.

పోషకాహారానికి తలకు రోజుకు ఇంత అన్న రేటును 2017లో ఖరారు చేశారు: ఆరు నెలల నుంచి ఆరేళ్ల పిల్లలకు 8 రూపాయలు, తీవ్ర పోషకలోపం ఉన్న పిల్లలకు 12, గర్భిణులకు, బాలింతలకు 9 రూపాయల 50 పైసలు. ఏడాదికి 300 రోజులు పెట్టాలి. 2025 ఫిబ్రవరి 1 నాటి కేంద్ర బడ్జెట్ ప్రసంగంలో ఈ రేట్లను తగిన విధంగా పెంచుతామని ప్రకటించారు. మీ అర్జీ రాసే రోజున అమల్లో ఉన్న రేటు ఎంతో సీడీపీఓ (శిశు అభివృద్ధి ప్రాజెక్టు అధికారి) కార్యాలయంలో అడిగి, ఉత్తర్వు నంబరుతో సహా రాసుకోండి. పాత రేటుతో వేసిన లెక్కను మొదటి నిమిషంలోనే తిప్పి పంపేస్తారు.

వేతనాల్లో ఈ విభజన ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 2018 అక్టోబరు నుంచి కేంద్రం లెక్కలో అంగన్‌వాడీ టీచరు గౌరవ వేతనం నెలకు 4,500, ఆయాకు 2,250. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో టీచరు వేతనం 11,500కు, తెలంగాణలో 2021లో 13,650కు పెరిగింది. 4,500 పైన కలిసిన మొత్తమంతా రాష్ట్రం సొంత డబ్బే. 4,500లో 40 శాతం, అంటే 1,800 కూడా రాష్ట్రానిదే. లెక్క కడితే ఆంధ్రప్రదేశ్ 11,500లో 8,800, తెలంగాణ 13,650లో 10,950 రాష్ట్ర ఖజానా నుంచి వస్తున్నాయి. ఈ లెక్క తెలియకుండా వెళ్తే "అది కేంద్రం పథకం, ఢిల్లీలో అడగండి" అన్న ఒక్క మాటతో సమావేశం ముగుస్తుంది. తెలిసి వెళ్తే, రాష్ట్రం ఇప్పటికే ఎంత మోస్తోందో ముందుగా ఒప్పుకుని, అక్కడి నుంచి మాట మొదలుపెట్టవచ్చు. ఆ ఒప్పుకోలుకు ఎదుటివారి దగ్గర మంచి విలువ ఉంటుంది.

భవనాల డబ్బు వేరే దారిలో వస్తుంది. 2022 మార్గదర్శకాల్లో ఒక అంగన్‌వాడీ కేంద్రం భవనానికి 12 లక్షలు చూపించారు. అందులో 8 లక్షలు ఉపాధి హామీ నుంచి, 2 లక్షలు ఆర్థిక సంఘం నిధుల నుంచి, మిగిలిన 2 లక్షలే శిశు సంక్షేమ శాఖ నుంచి. అందుకే భవనం అర్జీ ఒక్క శిశు సంక్షేమ శాఖకే ఇస్తే కదలదు. పంచాయతీరాజ్ శాఖ కూడా ఆ కాగితం మీద ఉండాలి. భోజనం, వేతనం, భవనం మూడూ ఒకే అర్జీలో పెడితే ఏ శాఖకా శాఖ అది తమది కాదనుకుంటుంది.

2. చట్టంలో పట్టు దొరికే చోటు

రాజ్యాంగం 45వ అధికరణాన్ని 2002లో 86వ సవరణ మార్చింది. ఆరేళ్లు నిండేదాకా పిల్లలందరికీ సంరక్షణ, విద్య అందించడానికి రాజ్యం ప్రయత్నించాలని అది చెబుతుంది. విద్యా హక్కు చట్టం 11వ సెక్షన్ మూడేళ్లు దాటిన పిల్లలకు ఉచిత పూర్వ ప్రాథమిక విద్య ఏర్పాటు చేయవచ్చు అంటుంది. "ప్రయత్నించాలి", "చేయవచ్చు". ఈ రెండు క్రియల మీద కోర్టులోనూ, సచివాలయంలోనూ గట్టిగా నిలబడలేం. అర్జీ మొదటి పేరాలో వీటిని పెట్టి బలం వచ్చిందనుకోవద్దు.

గట్టి పట్టు 2013 జాతీయ ఆహార భద్రత చట్టంలో ఉంది. 5వ సెక్షన్ ప్రకారం ఆరు నెలల నుంచి ఆరేళ్ల దాకా ప్రతి పిల్లకూ అంగన్‌వాడీ ద్వారా ఉచిత ఆహారం హక్కు. 6వ సెక్షన్ పోషకలోపం ఉన్న పిల్లల్ని గుర్తించి ఆహారం ఇవ్వాల్సిన బాధ్యతను రాష్ట్రం మీద పెట్టింది. ఆహారం అందకపోతే 8వ సెక్షన్ కింద ఆహార భద్రతా భత్యం చెల్లించాలి. ఎంత పెట్టాలో రెండో షెడ్యూల్‌లో ఉంది. 2013లో చట్టం వచ్చినప్పుడు మూడు నుంచి ఆరేళ్ల పిల్లకు రోజుకు 500 కిలో కేలరీలు, 12 నుంచి 15 గ్రాముల ప్రోటీన్ అని రాశారు. 2023 జనవరిలో ఆ షెడ్యూల్‌ను సవరించి ఆహారంలో వైవిధ్యాన్ని కూడా ప్రమాణాల్లోకి తెచ్చారు. కాబట్టి మీ వాదన "పిల్లలకు మంచి తిండి పెట్టండి" కాదు. "చట్టం రాసిన ప్రమాణం ఇప్పుడిస్తున్న రేటుకు రావడం లేదు, ఇదిగో లెక్క" అని ఉండాలి.

అంగన్‌వాడీ కేంద్రమే లేని వాడలకు, బస్తీలకు ఇంకో ఆధారం ఉంది. ఆహార హక్కు కేసులో 2006 డిసెంబరు 13న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం ఆరేళ్లలోపు పిల్లలు కనీసం 40 మంది ఉండి అంగన్‌వాడీ లేని ఆవాసం అడిగితే, అడిగిన మూడు నెలల్లో అక్కడ అంగన్‌వాడీ కేంద్రం ఏర్పాటు చేయాలి. ఈ అర్జీకి కావాల్సింది పిల్లల జాబితా: పేరు, పుట్టిన తేదీ, తల్లి పేరు, ఇంటి నంబరు. 40కి బొటాబొటిగా కాకుండా 45 మంది దాకా చూపించండి. తనిఖీకి వచ్చిన రోజున నలుగురు పుట్టింటికి వెళ్లి ఉంటారు, ఇద్దరికి ఆరేళ్లు నిండి ఉంటాయి.

వేతనాల వైపు 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. అంగన్‌వాడీ టీచర్లకు, ఆయాలకు 1972 గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని చెప్పింది. అంటే గ్రాట్యుటీకి బడ్జెట్‌లో పద్దు తెరవమని అడగడం కొత్త వరం కోరడం కాదు, తేలిన బాధ్యతకు డబ్బు చూపమనడం.

3. బడ్జెట్ పుస్తకం తెరిచి మీ వరుస వెతకండి

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. పుస్తకం లావును చూసి భయపడనక్కర్లేదు; మీకు కావాల్సింది నాలుగైదు పేజీలే. ఆర్థిక శాఖ వెబ్‌సైటులో బడ్జెట్ సంపుటాలు ఉంటాయి. మహిళా, శిశు సంక్షేమ శాఖ డిమాండ్ (ఆ శాఖ ఖర్చులన్నీ ఉండే భాగం) తెరిచి ఈ అంకెలు వెతకండి:

- 2235 సామాజిక భద్రత, సంక్షేమం. దాని కింద 02, ఆ కింద 102 శిశు సంక్షేమం. అంగన్‌వాడీ సేవలు, వేతనాలు ఎక్కువగా ఇక్కడ ఉంటాయి.
- 2236 పోషకాహారం. దాని కింద 02, ఆ కింద 101 ప్రత్యేక పోషకాహార కార్యక్రమాలు. తిండి డబ్బు ఇక్కడ.
- 4235 మూలధన పద్దు. భవనాలు ఇక్కడ.

ఒక్క జాగ్రత్త. ఎస్సీ ప్రత్యేక నిధి వాటా 789 అంకె కింద, ఎస్టీ వాటా 796 అంకె కింద విడిగా రాస్తారు. 102, 101 వరుసలు మాత్రమే కూడితే మొత్తం తక్కువగా కనిపిస్తుంది. "మీరు సగమే చూశారు" అని ఆర్థిక శాఖ సెక్షన్ అధికారి ఒక్క వేలితో చూపిస్తే ఆ తర్వాత మీరు చెప్పిన నిజాలు కూడా నిలవవు. మూడింటినీ కూడండి. కేంద్ర వాటా, రాష్ట్ర వాటా వేర్వేరు వరుసల్లో ఉంటే అలాగే విడిగా ఉంచండి.

ప్రతి వరుసకూ నాలుగు గడులుంటాయి. 2026-27 పుస్తకమైతే: 2024-25లో వాస్తవంగా అయిన ఖర్చు, 2025-26 బడ్జెట్ అంచనా, 2025-26 సవరించిన అంచనా, 2026-27 అంచనా. పత్రికల్లో వచ్చేది చివరి గడి. మీరు చూడాల్సింది మొదటిదీ మూడోదీ. అంచనాలో నూరు రాసి, సవరణలో డెబ్బైకి దించి, ఖర్చు అరవై దగ్గర ఆగిందంటే మీ సమస్య కేటాయింపు కాదు. డబ్బు విడుదల కాలేదు, లేదా శాఖ ఖర్చు పెట్టలేకపోయింది. అప్పుడు ఇంకా ఎక్కువ కేటాయించమని అడిగితే వచ్చే ఏడాది మిగిలిపోయేది పెరుగుతుంది, అంతే.

కనీసం ఐదేళ్ల అంకెలు ఒక పట్టికలో వేయండి. పక్కనే ధరల పెరుగుదలను సర్దిన గడి ఒకటి పెట్టండి. ఏటా 5 శాతం చొప్పున ధరలు పెరిగాయనుకుంటే, 8 రూపాయలకు కొన్న సరుకు ఎనిమిదేళ్ల తర్వాత 11 రూపాయల 82 పైసలవుతుంది. రేటు కదలకుండా ఉందంటే పళ్ళెంలో మూడో వంతు తగ్గిందన్నమాట. పుస్తకంలో ఎవరూ కోత పెట్టలేదు, అయినా కోత పడింది. దీన్ని ఒక చిన్న బొమ్మగా గీసి చూపిస్తే శాసనసభ్యులకు అర నిమిషంలో అర్థమవుతుంది.

4. క్షేత్రం నుంచి అంకెలు తెండి

రాష్ట్రవ్యాప్త గణాంకం ఒక్క పేరా చాలు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత, 2019-21 ప్రకారం ఐదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివారు ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం, తెలంగాణలో 33.1 శాతం. ఎత్తుకు తగ్గ బరువు లేనివారు 16.1, 21.7. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో రక్తహీనత 63.2, 70.0. ఇవి శాఖ దగ్గరా ఉన్నాయి. వారి దగ్గర లేనివి మీరు తేవాలి.

ఒక ఐసీడీఎస్ ప్రాజెక్టు, అంటే ఒక సీడీపీఓ పరిధిలో 12 నుంచి 20 కేంద్రాలు ఎంచుకోండి. మీకు తెలిసిన టీచర్లవే కాకుండా రోడ్డు పక్కవి, లోపలి తండాలోవి, అద్దె ఇంట్లో నడిచేవి, బడి ఆవరణలో ఉన్నవి కలవాలి. రెండు నెలల్లో పది పనిదినాలు, ముందు చెప్పకుండా, భోజనం వేళకు వెళ్లండి. ఒక పేజీ పత్రం చాలు:

నమోదైన పిల్లలు ఎందరు, ఆ రోజు వచ్చినవారు ఎందరు. గుడ్లు, పాలు, బియ్యం, పప్పు, నూనె ఏ తేదీన వచ్చాయి, ఎన్నాళ్లకు సరిపోయాయి. గ్యాస్, కూరగాయలు ఎవరి డబ్బుతో కొన్నారు, ఆ డబ్బు తిరిగి ఎన్ని రోజులకు వచ్చింది. ఇంటి అద్దె ఎన్ని నెలలు బాకీ. తాగునీరు, మరుగుదొడ్డి వాడుకలో ఉన్నాయా. బరువు యంత్రం, ఎత్తు కొలిచే సాధనం పనిచేస్తున్నాయా. టీచరు లేదా ఆయా పోస్టు ఖాళీగా ఉందా, ఎప్పటి నుంచి.

వీటిలో చాలామంది వదిలేసేదీ, సచివాలయంలో అందరికన్నా ఎక్కువగా కదిలించేదీ ఒకటే: టీచరు తన జేబులోంచి పెట్టిన డబ్బు. నెలకు 11,500 తీసుకునే మనిషి కూరగాయలకు, గ్యాస్‌కు ముందుగా ఎంత పెట్టుకుంది, అది ఎన్నాళ్లకు వచ్చింది. ఆమె చూపించిన చీటీలు కలిపి కూడితే రాష్ట్రం తన పేద ఉద్యోగి దగ్గర వడ్డీ లేని అప్పు తీసుకుంటోందని కనిపిస్తుంది. ఈ అంకెను ఎవరూ దాచలేరు, ఎందుకంటే దాన్ని ఎవరూ ఇప్పటిదాకా కూడలేదు.

ఆ టీచరును కాపాడే బాధ్యత మీది. కేంద్రం పేరు, ఊరి పేరు నివేదికలో పెట్టవద్దు. క1, క2 అని సంకేతాలు వాడండి. అసలు జాబితా ఒక్కరి దగ్గరే ఉండాలి. మీ నివేదిక వల్ల ఒక్క టీచరుకు మెమో వచ్చినా ఆ ప్రాజెక్టులో మళ్లీ ఎవరూ మీతో నోరు విప్పరు. పిల్లల ఫొటోలు, బరువులు పేర్లతో సహా బయటపెట్టవద్దు. జబ్బ చుట్టుకొలత మీరే కొలిచి పోషకలోపం తేల్చవద్దు. అనుమానం వస్తే ఏఎన్‌ఎంకు చెప్పి వారి రికార్డే తీసుకోండి.

కాగితాల మీద ఉన్న లెక్కకు సమాచార హక్కు దరఖాస్తు వేయండి. మన రెండు రాష్ట్రాల నిబంధనల ప్రకారం గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10. జవాబు 30 రోజుల్లో రావాలి. రాకపోతే మరో 30 రోజుల్లోపు మొదటి అప్పీలు, ఆ తర్వాత 90 రోజుల్లోపు సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. "నిధులు ఎందుకు ఆలస్యమయ్యాయి?" అని అడిగితే "ఇది సమాచారం నిర్వచనంలోకి రాదు" అని జవాబొస్తుంది. రికార్డు అడగండి:

"2025 ఏప్రిల్ 1 నుంచి 2025 డిసెంబరు 31 వరకు ఈ ప్రాజెక్టుకు పోషకాహారం పద్దు కింద విడుదలైన మొత్తాలు, తేదీల వారీగా, విడుదల ఉత్తర్వుల నకళ్లతో. ఇదే కాలానికి అద్దె బకాయిలు కేంద్రాల వారీగా. మంజూరైన, భర్తీ అయిన, ఖాళీగా ఉన్న పోస్టుల సంఖ్య."

ఇంతే చాలు. ఒక్కో దరఖాస్తులో మూడు అంశాలకు మించకుండా చూసుకోండి. దరఖాస్తును జులైలో వేయండి. అప్పీలు దాకా వెళ్లాల్సి వచ్చినా అక్టోబరుకల్లా ఎంతో కొంత చేతికొస్తుంది.

5. కోరికను ఒక్క అంకెగా మార్చండి

ఇది ఈ పని మొత్తానికీ గుండెకాయ. పది డిమాండ్ల అర్జీ ఊరేగింపుకు బాగుంటుంది. బడ్జెట్‌కు ఒకటి చాలు, మహా అయితే రెండు.

ఉదాహరణకు లెక్క వేద్దాం. ఒక్కో అంగన్‌వాడీ కేంద్రంలో సగటున 20 మంది పిల్లలు భోజనం చేస్తారనుకుందాం. తలకు రోజుకు 2 రూపాయలు అదనం, 300 రోజులు. ఒక కేంద్రానికి ఏడాదికి 12,000. ఆంధ్రప్రదేశ్‌లో 55,607 కేంద్రాలకు 66.73 కోట్లు. తెలంగాణలో 35,700 కేంద్రాలకు 42.84 కోట్లు. టీచరుకు నెలకు వెయ్యి పెంచినా కేంద్రానికి ఏడాదికి అదే 12,000. ఈ పోలిక సంఘాలు ముందు తమలో తాము మాట్లాడుకోవాల్సిన విషయం. ఒకే మొత్తానికి రెండు అర్జీలు పోటీపడితే ఆర్థిక శాఖ రెండింటినీ పక్కన పెట్టడానికి మంచి సాకు దొరుకుతుంది. ఈ ఏడాది ఏది ముందో మీలో మీరు తేల్చుకుని వెళ్లండి.

నియోజకవర్గానికి కుదించి కూడా చెప్పండి. 175 స్థానాలకు 55,607 అంటే సగటున 318 కేంద్రాలు. 119 స్థానాలకు 35,700 అంటే సరిగ్గా 300. ఎమ్మెల్యేకు 66 కోట్లు దూరంగా అనిపిస్తుంది. "మీ నియోజకవర్గంలో ఏటా సుమారు 38 లక్షలతో ఆరు వేల మందికి పైగా పిల్లలకు రోజూ ఇంకాస్త తిండి" అంటే దగ్గరగా వస్తుంది.

ఆర్థిక శాఖ తప్పకుండా అడిగే నాలుగు ప్రశ్నలకు ముందే జవాబు రాసిపెట్టుకోండి. ఇది ఒక్కసారి ఖర్చా, ఏటా వచ్చేదా? కేంద్రం ఇందులో ఎంత ఇస్తుంది? పోయినేడు ఇచ్చినదంతా ఖర్చయ్యిందా? నమోదైన పిల్లలందరూ నిజంగా వస్తున్నారా?

నాలుగోది కష్టమైన ప్రశ్న, దాన్ని తప్పించుకోవద్దు. మూడేళ్లు దాటగానే చాలామంది పిల్లలు ప్రైవేటు ఎల్‌కేజీకి వెళ్తున్నారు. రిజిస్టర్‌లో పేరుంటుంది, చాపమీద పిల్ల ఉండదు. మీ లెక్కను నమోదు మీద కాకుండా మీరు చూసిన హాజరు మీద వేయండి. అంకె చిన్నదవుతుంది, నిలబడుతుంది. పైగా అదే మీ వాదన అవుతుంది: పూర్వ ప్రాథమిక విద్యకు ఆట వస్తువులు, పుస్తకాలు, టీచరుకు శిక్షణ, ఆ పూట బోధనకు తీరిక లేకపోవడం వల్లే తల్లులు అప్పు చేసి ఫీజు కడుతున్నారు. కేంద్రం 2023 మేలో ప్రారంభించిన పోషణ్ భీ పఢాయీ భీ కార్యక్రమం ఒప్పుకున్నది కూడా ఇదే, అంగన్‌వాడీ అంటే తిండితో పాటు చదువు అని.

6. క్యాలెండర్ తప్పితే అన్నీ తప్పినట్టే

ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ 1న మొదలై మార్చి 31న ముగుస్తుంది. బడ్జెట్ ఫిబ్రవరి, మార్చిలో వార్తల్లోకి వస్తుంది కాబట్టి అర్జీలన్నీ అప్పుడే వెల్లువెత్తుతాయి. అప్పటికి పుస్తకం అచ్చుకు వెళ్లిపోయి ఉంటుంది.

అసలు పని శరదృతువులో జరుగుతుంది. ఆర్థిక శాఖ అంచనాలు పంపమని సర్క్యులర్ ఇస్తుంది. కింది కార్యాలయాల నుంచి జిల్లాకు, అక్కడి నుంచి శాఖాధిపతికి, అక్కడి నుంచి సచివాలయానికి, చివరికి ఆర్థిక శాఖకు అంచనాలు ఎక్కుతాయి. పోస్టుల లెక్కను సంఖ్యా పట్టికల రూపంలో జతచేస్తారు. ఖాళీ పోస్టుల గురించి మాట్లాడేవారు అడిగి చూడాల్సిన కాగితం అదే. కాబట్టి మీ ఏడాది ఇలా ఉండాలి: జులై, ఆగస్టుల్లో సర్వే, సమాచార హక్కు దరఖాస్తులు. సెప్టెంబరులో జిల్లా అధికారితో సమావేశం. ఆంధ్రప్రదేశ్‌లో అది ప్రాజెక్టు డైరెక్టర్, తెలంగాణలో జిల్లా సంక్షేమాధికారి. అక్టోబరు, నవంబరుల్లో కమిషనర్, ప్రధాన కార్యదర్శి. డిసెంబరు, జనవరుల్లో ఆర్థిక శాఖ, మంత్రులు. ఫిబ్రవరి, మార్చిల్లో శాసనసభ.

ఎన్నికల ఏడాది మాత్రం లెక్క వేరు. 2024 ఫిబ్రవరిలో రెండు రాష్ట్రాలూ ఓటాన్ అకౌంట్‌తోనే, అంటే పూర్తి బడ్జెట్ వచ్చేదాకా కొన్ని నెలల ఖర్చుకు తాత్కాలిక అనుమతితోనే సరిపెట్టాయి. పూర్తి బడ్జెట్ తెలంగాణలో జులైలో, ఆంధ్రప్రదేశ్‌లో నవంబరులో వచ్చింది. ఓటాన్ అకౌంట్‌లో కొత్త ఖర్చులు రావు. అలాంటి ఏడాది మీ బలమంతా ఫిబ్రవరిలో ఖర్చు చేసుకోవద్దు. ముందు పార్టీల మేనిఫెస్టో కమిటీల దగ్గరకు అదే ఒక్క అంకెతో వెళ్లి, పూర్తి బడ్జెట్ దాకా ఓపిక పట్టండి.

7. కాగితం, దాన్ని పట్టుకెళ్లే మనుషులు

ఒక పేజీ. వెనక జతపరిచే పట్టికలు రెండు. నమూనా ఇది:

"మహిళా, శిశు సంక్షేమ శాఖ ప్రధాన కార్యదర్శి గారికి.

విషయం: మూడు నుంచి ఆరేళ్ల పిల్లల భోజనానికి రాష్ట్ర అదనపు మొత్తాన్ని తలకు రోజుకు 2 రూపాయలు పెంచుతూ వచ్చే ఏడాది అంచనాల్లో 2236 పద్దు కింద ప్రతిపాదన చేర్చవలసిందిగా వినతి.

ప్రస్తుత రేటు ప్రకారం కేంద్రాల్లో కొంటున్న సరుకుల ధరలు జతపరచిన పట్టిక 1లో ఉన్నాయి. ఆహార భద్రత చట్టం రెండో షెడ్యూల్ ప్రమాణం అందుకోవడానికి తలకు ఇంత తక్కువ పడుతోంది. 16 కేంద్రాల్లో పది పనిదినాల పరిశీలన వివరాలు పట్టిక 2లో ఉన్నాయి. వాస్తవ హాజరు ప్రకారం ఏడాదికి అయ్యే అదనపు ఖర్చు ఇంత. ఈ ప్రతిపాదనను ఆర్థిక శాఖకు పంపిన తేదీని మాకు తెలియజేయగలరు."

ఆఖరి వాక్యం వదిలేయవద్దు. అది మీకు మళ్లీ వెళ్లే హక్కు ఇస్తుంది. ఇవ్వగానే ఇన్‌వార్డు నంబరు, తేదీ తీసుకోండి.

సమావేశానికి ఐదుగురు చాలు: లెక్క తెలిసినవారు ఒకరు, ఇద్దరు తల్లులు, ఒక సర్పంచో వార్డు సభ్యురాలో, మాట్లాడిందంతా రాసుకునేవారు ఒకరు. రాజ్యాంగం పదకొండో షెడ్యూల్‌లో 25వ అంశంగా మహిళా, శిశు అభివృద్ధి పంచాయతీల పరిధిలో ఉంది. అందుకే గ్రామసభ తీర్మానం నకలు జతచేస్తే కాగితం బరువు పెరుగుతుంది. పదిహేను గ్రామాల తీర్మానాలు ఒకే మాటలతో టైపు చేసి ఉంటే మాత్రం బరువు తగ్గుతుంది. ఒక్కో ఊరు తన అంకెను తన మాటల్లో రాయాలి. పని చేస్తున్న టీచర్లను ఈ బృందంలో ముందు కూర్చోబెట్టవద్దు; వారి వాదన సంఘం ద్వారా, సంఘం పేరుతో వెళ్లాలి.

తెలంగాణలో సోమవారం జరిగే ప్రజావాణికీ, ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికకూ ఇచ్చే అర్జీలు ఒక కేంద్రం సమస్యకు బాగా పనిచేస్తాయి: అద్దె బకాయి, చెడిపోయిన బోరు, రాని గుడ్లు. రేటు పెంచడం కలెక్టర్ చేతిలో లేదు. అక్కడ ఆ అర్జీ ఇస్తే "సంబంధిత శాఖకు పంపడమైనది" అని మూసేస్తారు, ఆ మూసిన రికార్డు మీకే అడ్డు. ఆహారం అసలు రాని సందర్భంలో ఆహార భద్రత చట్టం కింద జిల్లా ఫిర్యాదుల పరిష్కార అధికారికి, అక్కడ తేలకపోతే రాష్ట్ర ఆహార కమిషన్‌కు ఫిర్యాదు చేయండి.

8. సభలో

నక్షత్రపు గుర్తు ప్రశ్నకు మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాలి, అనుబంధ ప్రశ్నలూ ఉంటాయి. గుర్తు లేని ప్రశ్నకు రాతపూర్వక జవాబు వస్తుంది. అంకెలు కావాలంటే రెండోదే మేలు. ప్రశ్నను మీరే రాసి ఎమ్మెల్యే లేదా ఎమ్మెల్సీ చేతికివ్వండి: "పోయిన మూడేళ్లలో 2236 పద్దు కింద కేటాయింపు, విడుదల, ఖర్చు ఎంత? రాష్ట్ర వాటా ఏ తేదీల్లో విడుదలైంది?" జవాబు సభా రికార్డులో ఉంటుంది, రేపు దాన్ని ఎవరూ కాదనలేరు.

డిమాండ్ల మీద చర్చ జరిగేటప్పుడు ప్రతిపక్ష సభ్యులు కోత తీర్మానం ఇవ్వవచ్చు. వంద రూపాయలు తగ్గించాలని అడిగి, ఆ నెపంతో ఒక నిర్దిష్ట లోపాన్ని చర్చకు తేవడం దాని ఉద్దేశం. పిల్లల డబ్బును తగ్గించమని అడుగుతున్నారని బయట అపార్థం చేసుకోకుండా పత్రికలవారికి ముందే వివరించండి. అధికార పక్ష సభ్యులు దాని జోలికి రారు; వారికి ప్రత్యేక ప్రస్తావన సౌకర్యంగా ఉంటుంది. రెండు పక్షాలకూ ఒకే కాగితం ఇవ్వండి, ఇచ్చామని ఇద్దరికీ చెప్పండి.

9. బడ్జెట్‌లో వచ్చిన తర్వాత

ఇక్కడ చాలా ఉద్యమాలు దండలు వేసుకుని ఇంటికి వెళ్లిపోతాయి. కేటాయింపు అనేది అనుమతి మాత్రమే. దాని తర్వాత పరిపాలనా అనుమతి జీఓ రావాలి. ఆర్థిక శాఖ బడ్జెట్ రిలీజ్ ఆర్డర్ ఇవ్వాలి, అది వాయిదాల్లో వస్తుంది. బిల్లు ఖజానా చెల్లింపుల కంప్యూటర్ వ్యవస్థలో, అంటే ఆంధ్రప్రదేశ్‌లో సీఎఫ్‌ఎంఎస్‌లో, తెలంగాణలో ఐఎఫ్‌ఎంఐఎస్‌లో ఎక్కాలి. అక్కడ టోకెన్ పడి నెలల తరబడి నిలిచిపోవచ్చు.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది మ్యాచింగ్ వాటా, అంటే కేంద్రం డబ్బుకు జోడుగా రాష్ట్రం వేయాల్సిన వాటా ఆలస్యం. కేంద్రం పంపిన మొత్తాన్ని, రాష్ట్ర వాటాను కలిపి పథకం ఖాతాలో వేసి, ఖర్చు చూపితేనే కేంద్రం తర్వాతి వాయిదా కదులుతుంది. రాష్ట్రం తన 40ని ఆలస్యం చేస్తే కేంద్రం 60 కూడా ఆగుతుంది. మార్చి 31 దాటాక ఖర్చు కాని కేటాయింపు మురిగిపోతుంది. కాబట్టి ఏప్రిల్ నుంచి ప్రతి నెలా పదో తేదీన ఒకే పట్టిక నింపండి: జీఓ వచ్చిందా, రిలీజ్ ఆర్డర్ నంబరు, రాష్ట్ర వాటా జమ అయిన తేదీ, కేంద్ర వాటా తేదీ, మీ 16 కేంద్రాలకు సరుకు చేరిన తేదీ. జూన్ చివరికి మొదటి వాయిదా కనపడకపోతే శాఖ కమిషనర్‌కు ఆ పట్టికతోనే రాయండి. అక్టోబరుకూ కదలకపోతే అదే పట్టిక శాసనసభ ప్రశ్న అవుతుంది. సవరించిన అంచనాలు తయారయ్యేదీ అప్పుడే, మీ వరుసను దించేయడానికి అనువైన సమయమూ అదే.

పెంపు నిజంగా వచ్చిందా అన్నది అంగన్‌వాడీ కేంద్రంలోనే తేలుతుంది. మొదటి సర్వే చేసిన అవే 16 కేంద్రాలకు, అదే పత్రంతో, మళ్లీ భోజనం వేళకే వెళ్లండి. టీచరు జేబులోంచి పెట్టుకున్న డబ్బు గడి మొదట చూడండి.